మిగిలిన గుడ్డ

కండ్రిక మలుపులో, బస్టాపుకి ఎదురుగా
నా మిషను.
పదకొండేళ్లుగా ఒక కన్ను సూదిమీద
ఒక కన్ను రోడ్డుమీద.

జాకెట్టు కుట్టించుకున్న ఏ మనిషైనా
డబ్బులిచ్చే ముందు అడిగే మాట ఒకటే:
"మిగిలిన గుడ్డ ఏదమ్మా?"
జానెడు ముక్కైనా మడతపెట్టి సంచిలో వేసిస్తాను.
నాకు కోపం రాదు.
గుడ్డ వాళ్లది.

ఆ ఎండాకాలం బస్సు కోసం నిలబడే జనం
కరెంటు స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు.
మనిషి వెడల్పు కూడా లేని నీడ.
పొద్దు జరిగితే వరస జరిగేది.
తొమ్మిదింటికి మందుల షాపు వైపు,
పన్నెండింటికి స్తంభం మొదట్లో ముద్దగా,
నాలుగింటికి కాలవ వైపు.
నాకు గడియారం అక్కర్లేకపోయింది.

అక్కడ మాకో షెల్టరు ఉందని
గరటయ్య గారు చెప్పేదాకా తెలీదు.
రిటైరైన కండక్టరు. టిక్కెట్లు చింపిన వేళ్లతో
ఒక కాయితం తెచ్చి నా మిషను మీద పరిచారు.
సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడిగితే
నాలుగు నెలలకి వచ్చిన జవాబు:
కప్పు పదిహేను అడుగులు. బల్ల ఒకటి. దీపాలు రెండు.
పని పూర్తి. బిల్లు చెల్లింపు పూర్తి.
ఇద్దరం తలెత్తి రోడ్డు అవతలికి చూశాం.
సిమెంటులో నాలుగు బోల్టులు,
ఒకదానికి ఎవరిదో మేక కట్టేసి ఉంది.

ముందు నవ్వొచ్చింది.
తర్వాత రాలేదు.

నెలరోజులు లెక్క రాశాం.
నా కొలతల పుస్తకంలోనే, చెస్టు నడుము భుజం పక్కన
వచ్చిన బస్సు, రాని బస్సు.
పొద్దున నాది.
మధ్యాహ్నం ఉల్లిపాయల మస్తాన్‌బీది. రాయడం రాదు,
బస్సుకో చింతగింజ డబ్బాలో వేసేది.
రాత్రి నర్సింగు చదివే కెజియాది,
ఆఖరి బస్సు రాని రోజుల్లో
సింగ్‌నగర్ నుంచి నడిచొచ్చిన అడుగులతో సహా.
టైం టేబుల్ ప్రకారం రావలసినవి ఆరొందల అరవై.
డబ్బాలో, పుస్తకంలో, ఫోనులో కలిపి
మూడొందల డెబ్బై ఒకటి.

మీటింగు రోజు గోడమీద
కొత్త బస్సుల ప్రణాళిక వెలిగింది.
బెజవాడంతా రంగురంగుల దారాలు.
మా కండ్రిక దగ్గర దారం తెగి ఉంది.
అదేంటంటే ఆయన, మర్యాదగానే,
"మీరు టెక్నికల్ కాదు కదమ్మా" అన్నాడు.
మెడలో టేపు తీయడం మర్చిపోయి వెళ్లాను.
చెయ్యి దానిమీదికే పోయింది.

"కాదు సార్. దర్జీని.
ఇచ్చిన గుడ్డకి లెక్క చెప్తాను.
తప్పు కుడితే విప్పి మళ్లీ కుడతాను, కూలి అడగను.
మా గుడ్డ తీసుకున్నారు. జాకెట్టు లేదు.
పోనీ, మిగిలిన ముక్క చూపించండి."

ఫాన్ల చప్పుడు.
వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆపేశారు.
మస్తాన్‌బీ లేచి డబ్బా బల్లమీద బోర్లించింది.
చింతగింజలు ఫైళ్ల మీదికి, కుర్చీల కిందికి.
ప్యూను ఒంగి ఏరుతుంటే
"ఒక్కటి తగ్గినా ఊరుకోను బాబూ, లెక్కుంది" అంది.

శ్రావణంలో షెల్టరు వచ్చింది.
పెళ్లి జాకెట్లు పక్కనపెట్టి రోడ్డు దాటాను.
ఒక కొస గరటయ్య గారు పట్టుకున్నారు.
నా టేపు అరవై అంగుళాలే,
రెండుసార్లు పరిచి, పైన పదహారు.
పదకొండడుగుల నాలుగంగుళాలు.
దీపం ఒకటి.
వెలగలేదు.

అప్పటికే బల్లమీద ఒకాయన
చెప్పులు విడిచి హాయిగా కూర్చున్నాడు.
"ఏం కొలుస్తున్నారమ్మా, కొంటారా?" అన్నాడు.

"మాదే బాబాయ్" అన్నాను.
"తక్కువొచ్చింది."